రెపరెపలాడే దీపం: తప్పు బల్బుది కాకపోవచ్చు

రంజాన్ రాకకు ముందో, ఇంట్లో నికాహ్ నిశ్చయమైనప్పుడో మన ఇళ్లలో మరమ్మతులు మొదలవుతాయి. గోడలకు రంగులు పడతాయి. హాలుకు ఫాల్స్ సీలింగ్ వస్తుంది. అందులో గుండ్రని ఎల్‌ఈడీ దీపాలు ఆరో ఎనిమిదో అమరుతాయి. వాటితోపాటు స్విచ్ బోర్డు మీద ఒక డిమ్మర్ కూడా చేరుతుంది. దానిని తిప్పితే వెలుతురు పెరగాలి, తరగాలి. అతిథులు వచ్చినప్పుడు నిండు వెలుగు, పసిపిల్లలు నిద్రించే వేళ మసక వెలుగు ఉండాలన్నది ఆశ. తీరా డిమ్మర్‌ను తగ్గించగానే దీపాలు రెపరెపలాడతాయి. కొన్ని ఉన్నట్టుండి ఆరిపోతాయి. కొన్ని తుమ్మెదలా సన్నగా రొద చేస్తాయి.

బల్బులు నాసిరకమని దుకాణదారుని నిందించి కొత్తవి తెస్తారు. అవీ అలాగే రెపరెపలాడతాయి. ఈసారి ఖరీదైనవి తెస్తారు. వాటి తీరూ అంతే. ఇల్లు, వంట, వస్తువులకు సంబంధించి ఈ శీర్షికకు అందే ప్రశ్నలలో ఇది తరచుగా వస్తున్నది కనుక ఈ నెల దీనినే తీసుకుంటున్నాము. మా అభిప్రాయం ముందుగానే చెబుతున్నాము. ఇటువంటి చోట్ల బల్బు ఒక్కటే దోషి కావటం అరుదు. గోడమీది డిమ్మర్, బల్బు లోపలి సర్క్యూట్, ఇంటి వైరింగు, ఈ మూడింటికీ పొత్తు కుదరకపోవటమే చాలాసార్లు అసలు కారణం. ఆ పొత్తు ఎక్కడ చెడిందో తెలుసుకోకుండా బల్బులు మారుస్తూ పోవటం డబ్బు వృథా చేయటమే.

అయితే డిమ్మర్ సంగతికి వెళ్లే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఇది పొదుపుకు సంబంధించినది కాదు, ప్రాణరక్షణకు సంబంధించినది. దీపం రెపరెపలాడుతున్నది వెలుతురు తగ్గించినప్పుడు మాత్రమేనా, లేక నిండు వెలుగులో కూడానా? ఒక్క హాలులోనేనా, ఇంట్లోని అన్ని గదులలోనా? డిమ్మర్‌తో సంబంధం లేని వంటింటి దీపం కూడా ఊగుతున్నదంటే అది డిమ్మర్ వ్యవహారం కాదు. నీళ్ల మోటారు, ఫ్రిజ్ ఆరంభమయ్యే క్షణంలో దీపం ఒకసారి మసకబారి తేరుకోవటం మామూలే. గాలి వీచినప్పుడల్లా దీపాలు ఊగితే మాత్రం స్తంభం మీద గాని, ఇంటి ముందటి సర్వీసు వైరు దగ్గర గాని జాయింటు వదులైందని అనుమానించాలి. గీజరు వేయగానే కొన్ని దీపాలు మసకబారి, అదే సమయంలో మరికొన్ని మునుపటికంటే ప్రకాశవంతంగా వెలిగితే అది ఇంకా తీవ్రమైన సూచన. త్రీఫేజు కనెక్షను ఉన్న ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో న్యూట్రల్ వైరు వదులైనప్పుడు ఇలా జరుగుతుంది.

న్యూట్రల్ పూర్తిగా తెగితే 230 వోల్టులు రావలసిన ప్లగ్గుకు దాదాపు 400 వోల్టుల వరకు రావచ్చు. టీవీ, ఫ్రిజ్, చార్జర్లు ఒకేసారి కాలిపోయిన ఇళ్ల కథ వెనుక తరచుగా ఉండేది ఇదే. బోర్డు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా, లోపల చిటపటమని శబ్దం వినిపించినా మెయిన్ ఆపివేయాలి. స్తంభం వైపు లోపమైతే విద్యుత్ సంస్థ ఫిర్యాదు నంబరు 1912కు తెలియజేయాలి. మెయిన్‌కు లోపలి వైపు లోపమైతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. తెల్లవారనిద్దాం, పండుగ అయ్యాక చూద్దాం అని వాయిదా వేయదగిన పని కాదిది.

అటువంటి లక్షణాలేవీ లేవు, డిమ్మర్ తగ్గించినప్పుడే, ఆ దీపాలే రెపరెపలాడుతున్నాయి అనుకుందాం. అప్పుడు ప్రాణభయం లేదు. నిదానంగా కారణం వెదకవచ్చు.

పాత ఫిలమెంటు బల్బు డిమ్మర్‌తో చక్కగా ఎందుకు ఒదిగిపోయేదో, ఎల్‌ఈడీ ఎందుకు ఒదగదో తెలిస్తే తక్కినదంతా సులువుగా అర్థమవుతుంది. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది. అంటే సెకనుకు 100 సార్లు అది సున్నాకు దిగి మళ్లీ లేస్తుంది. ఇనుప పెనాన్ని తలచుకోండి. పొయ్యి మీద బాగా కాగిన పెనాన్ని క్షణంసేపు పక్కకు తీసి మళ్లీ పెడితే దాని వేడి తగ్గదు, రొట్టె కాలుతూనే ఉంటుంది. ఫిలమెంటు తీగ ఆ పెనం వంటిది. సెకనులో వందో వంతు కాలంలో అది చల్లారలేదు. అందువల్ల విద్యుత్తు ఎన్నిసార్లు తెగినా వెలుగు ఇంచుమించు నిలకడగానే ఉండేది. ఎల్‌ఈడీ నీటి కుళాయి వంటిది. తిప్పిన క్షణంలో వస్తుంది, కట్టిన క్షణంలో ఆగిపోతుంది. దానిలో నిలవ వేడి లేదు, నిలవ వెలుగూ లేదు. విద్యుత్తులోని ప్రతి ఒడుదొడుకునూ అది మన కంటికి చూపిస్తుంది.

డిమ్మర్ చేసే పని కూడా మనం ఊహించుకొనేటట్లు ఉండదు. అది కుళాయిని సన్నగా తిప్పినట్లు వోల్టేజీని తగ్గించదు. సెకనుకు వందసార్లు వచ్చే ప్రతి విద్యుత్ తరంగంలో కొంత భాగాన్ని కోసివేసి మిగిలినదే పంపుతుంది. తరంగం ఒక్కొక్కటి సెకనులో వందో వంతు కాలం ఉంటుంది. డిమ్మర్‌ను సగానికి తిప్పితే అందులో మొదటి సగం ఆపివేసి, రెండవ సగం ఒక్కసారిగా వదులుతుంది. మన గోడల మీద కనిపించే పాత డిమ్మర్లలో అధికభాగం ఈ రకానివే. లోపల ట్రయాక్ అనే చిన్న భాగం ఉంటుంది. దానికొక స్వభావం ఉన్నది. తనగుండా పోయే విద్యుత్తు ఒక కనీస మోతాదుకంటే తగ్గితే అది తనంతట తానే మూసుకుపోతుంది. ఫిలమెంటు బల్బులు చాలినంత విద్యుత్తు తీసుకొనేవి కనుక అప్పట్లో ఆ స్వభావం ఎవరి దృష్టికీ రాలేదు.

ఎల్‌ఈడీ బల్బు అడుగుభాగంలో డ్రైవర్ అనే సర్క్యూట్ ఉంటుంది. ఊళ్లో వోల్టేజీ తగ్గినా పెరిగినా వెలుగును నిలకడగా ఉంచటమే సాధారణ డ్రైవర్ పని. సాయంత్రపు లోవోల్టేజీలో కూడా మన బల్బులు ఒకేలా వెలుగుతున్నాయంటే దాని పుణ్యమే. కాని డిమ్మర్ వెలుగు తగ్గించాలని విద్యుత్తును కోస్తుంటే, డ్రైవర్ తగ్గనివ్వకూడదని పెనుగులాడుతుంది. ఒకే కూరకు ఇద్దరు ఎవరికి వారే ఉప్పు వేసినట్లు ఉంటుంది వ్యవహారం. ఒక దశలో డ్రైవర్‌కు చాలినంత విద్యుత్తు అందక ఆరిపోతుంది. కొద్దిగా సమకూడగానే మళ్లీ వెలుగుతుంది. అదే మనకు కనిపించే రెపరెప. డిమ్మర్ భాషను అర్థం చేసుకొనే డ్రైవర్లు వేరుగా ఉన్నాయి. వాటి పెట్టెమీద 'డిమ్మబుల్' అని స్పష్టంగా ముద్రించి ఉంటుంది. ఆ మాట లేకపోతే అది సాధారణ బల్బే అనుకోవాలి.

కేంద్ర ప్రభుత్వం 2015 జనవరిలో ఆరంభించిన ఉజాలా పథకం కింద దేశమంతటా 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. వేడి బల్బులు ఇళ్లనుండి తొలగిపోయాయి. కరెంటు బిల్లుకు అది మేలే చేసింది. కాని బల్బులు మారినంత త్వరగా గోడలోని సామాను మారలేదు. ఫిలమెంటు కాలపు డిమ్మర్లు, రెగ్యులేటర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. పాత ఇంటి హాలులో ఐదు హోల్డర్ల ఝూమర్ ఉన్నది. ఒకప్పుడు దానికి 60 వాట్ల బల్బులు ఐదు ఉండేవి. మొత్తం 300 వాట్లు. దాని డిమ్మర్ మీద '60 నుండి 400 వాట్లు' అని రాసి ఉన్నది. ఇప్పుడు ఆ స్థానంలో 7 వాట్ల ఎల్‌ఈడీలు ఐదు పెట్టారు. మొత్తం 35 వాట్లు. డిమ్మర్ నిలకడగా పనిచేయటానికి కావలసిన కనీస భారం 60 కాగా, దాని మీద పడుతున్నది 35. బల్బులు ఎంత మేలైనవైనా, డిమ్మబుల్ రకమే అయినా, ఆ డిమ్మర్‌తో అవి స్థిమితంగా వెలగటం కష్టం. చాలామంది '400 వాట్లు' అనే పెద్ద అంకెను చూసి నిశ్చింతగా ఉంటారు. ఎల్‌ఈడీల విషయంలో ముందుగా చూడవలసింది ఆ చిన్న అంకెను.

ఇది నిర్ధారించుకోవటానికి వైర్లు ముట్టనక్కరలేని పరీక్ష ఒకటి ఉన్నది. అదే ఝూమర్‌లో ఒక్క ఎల్‌ఈడీని తీసి, ఆ హోల్డర్‌కు సరిపోయే పాత 40 వాట్ల ఫిలమెంటు బల్బును పెట్టండి. నాలుగు ఎల్‌ఈడీలకు 28, దీనికి 40, మొత్తం 68 వాట్లు. ఇప్పుడు రెపరెప ఆగిపోతే మూలకారణం కనీస భారం చాలకపోవటమేనని తేలినట్లే. బల్బు మార్చేటప్పుడు స్విచ్ ఒక్కటి కట్టివేస్తే చాలదు, మెయిన్ కూడా ఆపాలి. ఎందుకో తరువాత చెబుతాము. ఆ పాత బల్బును శాశ్వతంగా అక్కడే ఉంచమని మా సలహా కాదు. అది కారణం తెలుసుకోవటానికి మాత్రమే. నివారణ ఏమంటే తక్కువ వాట్లకు పనికివచ్చే ఎల్‌ఈడీ డిమ్మర్‌ను అమర్చటం.

పరీక్షలో ఫలితం రాకపోతే బల్బును అనుమానించవలసి ఉంటుంది. రెపరెపలాడే బల్బును తీసి డిమ్మర్ లేని మరో గదిలో పెట్టండి. అక్కడ కూడా వణికితే దాని డ్రైవరే చెడిపోయింది. గాజు గ్లోబులో బిగించిన బల్బులకు, ఫాల్స్ సీలింగులో గాలి ఆడని చోట ఇరికించిన దీపాలకు ఈ గతి త్వరగా పడుతుంది. డ్రైవర్‌లోని కెపాసిటర్ వేడికి ఎండిపోవటం దీనికి సాధారణ కారణం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ రకపు కెపాసిటర్ ఆయువు ఇంచుమించు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. మన కడప, రామగుండం వేసవులలో పైకప్పు కింద దాని పరిస్థితి ఎలా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. వేరే గదిలో నిలకడగా వెలిగితే బల్బు ఆరోగ్యంగానే ఉన్నట్లు. అప్పుడు అది డిమ్మబుల్ రకమా కాదా అని పెట్టె చూడాలి.

డిమ్మబుల్ బల్బు, తగిన డిమ్మర్ రెండూ ఉన్నా అట్టడుగు స్థాయిలో మాత్రం రెపరెప మిగిలితే దానికి చిన్న ఉపాయం ఉన్నది. కొన్ని ఎల్‌ఈడీ డిమ్మర్ల లోపల కనీస వెలుగును నిర్ణయించే చిన్న మర ఉంటుంది. రెపరెప మొదలయ్యే స్థాయికి కొంచెం పైన దానిని నిలిపితే డిమ్మర్ అంతకంటే కిందికి దిగదు. అది మూత విప్పి చేయవలసిన పని కనుక ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి. ఎల్‌ఈడీల కోసం తయారయ్యే డిమ్మర్లలో తరంగం మొదటి భాగాన్ని కాక చివరి భాగాన్ని కోసే రకం ఒకటి ఉన్నది. దానిని దుకాణాలలో 'ట్రెయిలింగ్ ఎడ్జ్' అంటారు. ఇందులో విద్యుత్తు సున్నా నుండి మెల్లగా లేస్తుంది కనుక డ్రైవర్ మీద దెబ్బ పడదు, రొద తగ్గుతుంది, వెలుగూ సాఫీగా దిగుతుంది. ధర ఎక్కువే. అయినా కొత్తగా కొనేవారు దీనినే కొనటం మంచిదని మా అభిప్రాయం. దాని మీద ఎల్‌ఈడీలకు వేరుగా రాసిన వాట్ల అంకెను చూడాలి. ఫిలమెంటు బల్బులకు 400 అని ఉన్నచోట ఎల్‌ఈడీలకు అందులో ఏ నాలుగో వంతో మాత్రమే అనుమతించి ఉండవచ్చు.

ఇక మన ప్రాంతపు ఇళ్లలో ప్రత్యేకంగా కనిపించే పొరపాటు ఒకటున్నది. బోర్డులో ఖాళీగా ఉన్న ఫ్యాను రెగ్యులేటర్‌కు దీపాన్ని కలిపివేయటం. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, రెండింటినీ తిప్పటమే కదా అని కొందరు పనివారు చేసి పోతారు. అంకెకొక టిక్కుమనే శబ్దంతో ఆగే ఇప్పటి ఫ్యాను రెగ్యులేటర్లలో ఉండేవి కెపాసిటర్లు. అవి మోటారు వేగం తగ్గించటానికి ఉద్దేశించినవి. వాటికి ఎల్‌ఈడీని కలిపితే కొన్ని బల్బులలో ఏ మార్పూ కనిపించదు. కొన్ని సెకనుకోసారి వెలిగి ఆరుతూ ఉంటాయి. డ్రైవర్ మాత్రం తొందరగా పాడైపోతుంది. దీనికి డిమ్మబుల్ బల్బు తెచ్చినా ఉపయోగం లేదు. అసలు ఆ కనెక్షనే తప్పు.

మరొకటి ఇన్వర్టరు. కరెంటు ఉన్నప్పుడు చక్కగా వెలిగే దీపాలు, కరెంటు పోయి ఇన్వర్టరు అందుకోగానే రొద చేస్తూ వణుకుతున్నాయంటే అది 'స్క్వేర్ వేవ్' రకపు ఇన్వర్టరు అయి ఉండవచ్చు. దాని నుండి వచ్చే విద్యుత్తు తరంగంలా మెల్లగా లేచి దిగదు, మెట్టులా ఒక్కసారిగా ఎగసి దిగుతుంది. మామూలు తరంగాన్ని లెక్కించి కోసే డిమ్మర్‌కు అది అంతుపట్టదు. కరెంటు పోయినప్పుడు డిమ్మర్‌ను పూర్తిగా పెంచి ఉంచటం తాత్కాలిక ఉపాయం. డిమ్మర్ ఉన్న దీపాలను ఇన్వర్టరు లైను నుండి తప్పించటం, లేదా తరువాత ఎప్పుడైనా కొనేటప్పుడు 'సైన్ వేవ్' రకం తీసుకోవటం శాశ్వత ఉపాయం.

ఫోనుతో నడిచే స్మార్ట్ బల్బులను డిమ్మర్ ఉన్న హోల్డర్‌లో పెట్టరాదు. వెలుగు తగ్గించే ఏర్పాటు వాటిలోనే ఉంటుంది. అలాగే ఫాల్స్ సీలింగ్ అంచున పరిచే 12 వోల్టుల పట్టీ దీపాలకు గోడ డిమ్మర్ కాక, వాటి అడాప్టరుకు, పట్టీకి నడుమ అమర్చే వేరే కంట్రోలరు ఉంటుంది.

మరికొందరు అడిగే ప్రశ్న దీనికి భిన్నమైనది. స్విచ్ కట్టివేసినా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతూనే ఉన్నది, చీకట్లో పిల్లలు భయపడుతున్నారు, కారణమేమిటి అని. చాలాచోట్ల కారణం స్విచ్‌లో ఎర్రగా వెలిగే చిన్న ఇండికేటరు. దానిగుండా జారే సూక్ష్మమైన విద్యుత్తు ఫిలమెంటు బల్బును కదిలించలేకపోయేది. ఎల్‌ఈడీకి మాత్రం అదే చాలు. ఇండికేటరు లేని స్విచ్ పెడితే ఆ వెలుగు ఆగిపోతుంది. ఇందులో అపాయమేమీ లేదు. కాని రెండవ కారణం అపాయకరమైనది. స్విచ్‌ను ఫేజు వైరులో పెట్టవలసి ఉండగా న్యూట్రల్ వైరులో పెట్టి ఉండవచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్ దాకా కరెంటు నిలిచే ఉంటుంది. దీపం ఆరింది కదా అని నిచ్చెన ఎక్కి బల్బు మార్చబోయే మనిషి చేతికి తగిలేది అదే. స్విచ్ కట్టినంత మాత్రాన చాలదు, మెయిన్ ఆపాలని పైన చెప్పినది ఇందుకే. ఇటువంటి వెలుగు కనిపిస్తే ఎలక్ట్రీషియన్ చేత టెస్టరుతో చూపించి, స్విచ్‌ను ఫేజులోకి మార్పించాలి.

కంటికి కనిపించే రెపరెప సంగతి ఇంతవరకు. కంటికి కనిపించనిది కూడా ఉన్నది. చౌకరకపు ఎల్‌ఈడీలు కొన్ని నిండు వెలుగులో సైతం సెకనుకు వందసార్లు పెరిగి తరుగుతుంటాయి. ఇది చాలామందికి తెలియదు. కాని ఆ వెలుగులో ఎక్కువసేపు చదివినా, కుట్టినా కొందరికి కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. మైగ్రేన్ ఉన్నవారు త్వరగా గుర్తిస్తారు. ఐట్రిపుల్‌ఈ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ 2015లో 1789 సంఖ్యతో ఒక మార్గదర్శకాన్ని వెలువరించింది. దీపపు గరిష్ఠ వెలుగుకూ కనిష్ఠ వెలుగుకూ గల భేదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగించగా వచ్చే శాతమే దానిలోని కొలమానం. సెకనుకు 100 సార్లు ఊగే దీపంలో అది 8 శాతం లోపు ఉంటే హాని తక్కువనీ, 3.3 శాతం లోపు ఉంటే గమనించదగిన ప్రభావమే ఉండదనీ ఆ పత్రం సూచిస్తుంది. సెకనుకు 3 నుండి 70 సార్ల మధ్య కొట్టుకొనే వెలుగు అంతకంటే తీవ్రమైనది. వెలుగు రెపరెపలకు మూర్ఛ వచ్చే స్వభావం గలవారికి అది ప్రమాదకరం కావచ్చు. ఆ స్వభావం పిల్లలలో, యుక్తవయస్కులలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇంట్లో మూర్ఛవ్యాధి ఉన్న బిడ్డ ఉంటే రెపరెపలాడే దీపాన్ని బాగుచేయించే వరకు వెలిగించకుండా ఉండటమే క్షేమం.

కనిపించని రెపరెపను పట్టుకోవటానికి ఇంట్లో ఉన్న వస్తువులు చాలు. గదిలో ఆ ఒక్క దీపాన్నే వెలిగించి, దాని కింద పెన్సిలునో అల్లిక సూదినో వేగంగా అటూ ఇటూ ఊపి చూడండి. పెన్సిలు విడివిడి గీతలుగా, విసనకర్ర పుల్లల్లా కనిపిస్తే వెలుగు ఊగుతున్నట్లు. ఒకే మసక పొరలా కనిపిస్తే నిలకడగా ఉన్నట్లు. సెల్‌ఫోన్ కెమెరాలో చూస్తే నల్లని అడ్డపట్టీలు కదలటం కూడా ఒక గుర్తే. కాని హాని చేయని కొద్దిపాటి ఊగులాటను సైతం కెమెరా చూపిస్తుంది కనుక దానిని చూసి వెంటనే బెంబేలెత్తనక్కరలేదు. రెండు మూడు బల్బులను పోల్చి చూసి, పట్టీలు తక్కువగా కనిపించేదానిని చదువుకొనే బల్లకు, కుట్టు మిషను దగ్గరకు కేటాయించుకోవచ్చు. కుట్టు మిషను మాట ఊరికే అనలేదు. ఊగే వెలుగులో తిరిగే చక్రం నిలిచిపోయినట్లో, వెనక్కి తిరుగుతున్నట్లో భ్రమ కలిగిస్తుంది. రాత్రివేళ దుస్తులు కుట్టి కుటుంబాన్ని పోషించుకొనే సోదరీమణులు మనలో ఎందరో ఉన్నారు. వారి సూది వద్ద వెలుగు నిలకడగా ఉండటం హాలులోని అలంకార దీపాలకంటే ఎంతో ముఖ్యం.

కొనేటప్పుడు అన్ని హోల్డర్లకూ ఒకే కంపెనీ, ఒకే నమూనా బల్బులు తీసుకోవాలి. ఒకే డిమ్మర్ కింద రెండు రకాలు కలిపితే ఒకటి వెలుగుతుండగానే మరొకటి ఆరిపోతుంది. ఎనిమిదీ ఒకేసారి కొనకుండా రెండు తెచ్చి వాడి చూడటం, బిల్లు దాచుకోవటం తెలివైన పని. పెట్టెమీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, సంఖ్య లేని బల్బు ఎంత చౌకగా వచ్చినా ఇంట్లోకి తేవద్దు. ఎల్‌ఈడీ బల్బులకు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఇంతకూ మన ఇళ్లకు డిమ్మర్ అంత అవసరమా అని మాకొక సందేహం ఉన్నది. మన కన్ను వెలుగును కొలిచే తీరు వేరు. దీపపు కాంతిని పదో వంతుకు తగ్గించినా కంటికి అది ఇంచుమించు మూడో వంతు వెలుగులాగే తోస్తుంది. డిమ్మబుల్ బల్బులలో చాలావరకు పదో వంతు దగ్గర ఆగిపోతాయి. అంటే సహ్రీకి లేచినవారు ఇతరుల నిద్ర చెడకుండా తిరగటానికి గాని, తల్లి అర్ధరాత్రి బిడ్డకు పాలు పట్టటానికి గాని ఆ వెలుగు ఇంకా ఎక్కువే. ఆ పనికి అర వాటు ఎల్‌ఈడీ రాత్రి దీపం చాలు. వెనుకటి 'జీరో బల్బు' పేరుకే సున్నా, నిజానికి అది 12 నుండి 15 వాట్లు తినేది. నేటి రాత్రి దీపం అలా కాదు.

కొత్తగా సీలింగు చేయించుకొనేవారు ఎనిమిది దీపాలనూ ఒకే డిమ్మర్‌కు కలపటానికి బదులు వైరింగు దశలోనే వాటిని మూడు స్విచ్‌లకు పంచమని చెప్పవచ్చు. నాలుగు మూలల దీపాలకు ఒకటి, నడిమి నాలుగింటికి ఒకటి, గోడకు కిందుగా అమర్చే రాత్రి దీపానికి ఒకటి. మామూలు బల్బులే సరిపోతాయి, రెపరెపకు తావు ఉండదు, అయ్యే అదనపు ఖర్చు కొన్ని మీటర్ల వైరు, రెండు స్విచ్‌లు. ఆ మాట సీలింగు మూయకముందే, పైపులు వేసే రోజునే చెప్పాలి. డ్రైవర్ విడిగా ఉండే దీపాలైతే దానిని చేతికి అందేలా దీపపు రంధ్రం పక్కనే ఉంచమని కూడా అప్పుడే చెప్పి ఉంచుకోవాలి.